తప్పు చెయ్యకపోతే చెప్పడానికేం భయం?

మా ఆఫీసు క్యాంటీన్లో టీవీ ఎప్పుడూ ఏదో ఒక న్యూస్ ఛానెల్ మీదే ఉంటుంది. మొన్న భోజనాల దగ్గర ఏదో హత్య కేసు గురించి గంట కొట్టినట్టు అదే పనిగా వాయిస్తున్నారు. అనుమానితుడు పోలీసులకి ఏమీ చెప్పట్లేదుట. "తప్పు చెయ్యకపోతే చెప్పడానికేం భయం?" అన్నాడు మా టీములో ఒకాయన, పెరుగన్నం కలుపుకుంటూ. టేబుల్ చుట్టూ ఉన్న అందరం తలలూపాం. నేను కూడా ఊపాను.

ఊపాక మాత్రం ఎందుకో ముద్ద దిగలేదు. ఇదే మాట కొన్నేళ్ళ క్రితం నేనే ఒక కుర్రాడితో అన్నాను మరి. అప్పుడు నేను వేరే కంపెనీలో ఉండేవాణ్ణి. ఓ శుక్రవారం రాత్రి ప్రొడక్షన్ డేటాబేసులో ఒక టేబుల్ ఖాళీ అయిపోయింది. లాగ్‌లో చూస్తే మా జూనియర్ లాగిన్ కనిపించింది. సోమవారం పొద్దున్నే మీటింగు రూములో కూర్చోబెట్టి, "నువ్వు కాకపోతే మరెవరు? నువ్వే చెప్పు" అన్నాను. "నేను కాదన్నా, నేనప్పుడు బస్సులో ఉన్నాను" అన్నాడు. ఆ తరువాత అతను నోరు విప్పలేదు. విప్పలేదు కాబట్టి అతనే చేశాడని అందరం ఖాయం చేసుకున్నాం. మూడు రోజుల తరువాత తేలిందేమిటంటే, ఎవరో అతని లాగిన్‌ని ఒక పాత స్క్రిప్టులో పెట్టి వదిలేశారు, అది టైము ప్రకారం దానంతటదే నడిచింది. అతనికి సారీ చెప్పాను. అతను నవ్వాడు, కానీ రెండు నెలల్లో ఉద్యోగం మానేశాడు.

నేను అక్కడ వేసిన తప్పు ప్రశ్న ఏమిటి? "నువ్వు చేశావా?" అని అడగడం తప్పు కాదు. అసలు అతను సమాధానం చెప్పాల్సినంత సాక్ష్యం నా చేతిలో ఉందా, లేదా అన్నది ముందు నన్ను నేను అడగలేదు. ఈ రెండో ప్రశ్నకి చట్టంలో చాలా పెద్ద చరిత్ర ఉంది. అందులోనూ ఒక తల్లి కథ ఉంది. అది చెబుదామనే ఈ టపా. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందు పాత కథ. ఇంగ్లండులో 1166లో రెండో హెన్రీ రాజు క్లారెండన్‌లో ఒక శాసనం చేశాడు. ప్రతి ప్రాంతంలోనూ పన్నెండు మంది పెద్దమనుషులు ప్రమాణం చేసి, తమ చుట్టుపక్కల హంతకులని, దోపిడీదార్లని, దొంగలని ఎవరి మీద అనుమానం ఉందో చెప్పాలి. అంటే మొదట్లో వీళ్ళ పని వేలు చూపించడమే. కాలక్రమేణా ఇదే గ్రాండ్ జ్యూరీ అయింది, పని తిరగబడింది. ఎవరైనా ఆరోపణ తెస్తే అది విచారణదాకా వెళ్ళాల్సినంత సరుకున్నదా కాదా అని చూసే గుమ్మం అయింది. సరుకుంటే ఆరోపణ పత్రం నిజమైనదే అని రాసేవాళ్ళు. లేకపోతే "ఇగ్నోరామస్" అని రాసేవాళ్ళు. లాటిన్లో "మాకు తెలియదు" అని అర్థం. 1615లో జార్జ్ రగుల్ అనే ఆయన ఆ పేరుతో ఒక తెలివితక్కువ లాయరు మీద నాటకం రాశాక, ఆ మాటకి మూర్ఖుడన్న అర్థం స్థిరపడిపోయింది. నన్నడిగితే ఇది ఘోరమైన అన్యాయం. పన్నెండు మంది కూర్చుని "మాకు తెలియదు" అని ఒప్పుకోవడం కన్నా తెలివైన పని ఏముంటుంది?

గుమ్మం దాటినవాడి సంగతి వేరు. వాడు సమాధానం చెప్పి తీరాల్సిందే. "నేను దోషిని" అనో "కాదు" అనో నోటితో అనకపోతే జ్యూరీ విచారణ మొదలయ్యేది కాదు. మరి అనకపోతే? గుండెల మీద బరువులు పేర్చేవాళ్ళు. అన్నదాకా, లేదా చచ్చేదాకా. ఇది అతిశయోక్తి కాదు, నాలుగైదు వందల ఏళ్ళు నడిచిన పద్ధతి. అమెరికాలోని సేలంలో 1692 సెప్టెంబరులో, మంత్రగత్తెల కేసుల కాలంలో, జైల్స్ కోరీ అనే ఎనభై ఏళ్ళ ముసలాయన మీద ఇలాగే రాళ్ళు పేర్చారు. ఆయన సమాధానం చెప్పకుండానే పోయాడు.

ఇంగ్లండులో 1772లో ఈ పద్ధతి తీసేశారు. తీసేసి ఏం చేశారో చూడండి: నోరు విప్పనివాడు దోషి అన్నట్టే లెక్క అన్నారు. మన క్యాంటీన్ తీర్పే! ఇంకో యాభై ఐదేళ్ళు గడిచాక, 1827లో, దాన్ని పూర్తిగా తిరగేశారు. నోరు విప్పకపోతే "నేను దోషిని కాదు" అన్నట్టు రాసుకుని విచారణ మొదలుపెట్టాలి. అదే మౌనం. ఒక చట్టంలో నేరం ఒప్పుకోలు, ఇంకో చట్టంలో నిర్దోషినన్న వాదన. కోడులో ఒక్క డిఫాల్ట్ విలువ మార్చినట్టు, అంతే. కానీ ఆ ఒక్క విలువ మారడానికి ఎన్ని ప్రాణాలు పోయాయో!

ఇంకో తమాషా. హత్యలాంటి పెద్ద నేరాల్లో ముద్దాయి తరఫున లాయరు జ్యూరీతో మాట్లాడే హక్కు అక్కడ 1836 దాకా రాలేదు. ముద్దాయి తన కేసులో తానే ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పుకునే హక్కు 1898లో గానీ అందరికీ రాలేదు. కాబట్టి "సమాధానం చెప్పు" అన్నది చాలాకాలం పాటు చేతులు కట్టేసి ఈత కొట్టమన్నట్టే ఉండేది. అందుకే ఆ గుమ్మం దగ్గర ఎవరు నిలబడ్డారన్నది అంత ముఖ్యం.

ఇప్పటి పద్ధతిని మన భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది. ప్రాసిక్యూషన్ తన సాక్ష్యమంతా పెట్టాలి. దాన్నంతటినీ నిజమనే అనుకుందాం. అలా అనుకున్నా కూడా నేరం రుజువు కాదనిపిస్తే, ముద్దాయి ఒక్క మాట కూడా మాట్లాడక్కర్లేదు, కేసు అక్కడితో సరి. రుజువు కావచ్చు అనిపిస్తే అప్పుడు అతని వంతు. ఇంగ్లండులో 1981లో గాల్‌బ్రెయిత్ అనే కేసులో దీన్ని చక్కగా సూత్రీకరించారు. సాక్షి నమ్మదగినవాడా కాదా అన్న ప్రశ్న మామూలుగా జ్యూరీది, గుమ్మం దగ్గర ఉన్న జడ్జిది కాదు అని కూడా అందులోనే చెప్పారు.

"నిజమనే అనుకుందాం" - ఈ మాట గుర్తుపెట్టుకోండి. అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

ఇప్పుడు ఆ తల్లి కథ.

1980 ఆగస్టు 17. ఆస్ట్రేలియా నడిమధ్యన ఉన్న ఉలురు. అప్పట్లో ఎయర్స్ రాక్ అనేవాళ్ళు. మైకేల్ ఛాంబర్లిన్ సెవెంత్ డే అడ్వెంటిస్ట్ చర్చి పాస్టరు. భార్య లిండీ. ఇద్దరు చిన్న కొడుకులు, తొమ్మిది వారాల పాప అజారియా. మౌంట్ ఐసా అనే గనుల ఊరి నుంచి కారులో సెలవులకి వచ్చారు. రాత్రి ఎనిమిదింటికి పాపని గుడారంలో పడుకోబెట్టి, కొద్ది గజాల దూరంలో వంట చేసుకునే చోటుకి వచ్చింది లిండీ. పాప ఏడుపు వినిపించిందని అక్కడున్న ఇంకో ఆవిడ కూడా తరువాత సాక్ష్యం చెప్పింది. లిండీ వెళ్ళి చూసేసరికి ఒక డింగో, అంటే అక్కడి అడవికుక్క, గుడారంలోంచి బయటికొస్తోంది. పాప లేదు.

ఆ రాత్రే అందరూ వెతికారు. అక్కడి ఆదివాసీ జాడగాళ్ళు ఇసుకలో డింగో అడుగులు చూశారు, అది ఏదో బరువు మోసుకెళ్ళిన గుర్తులు కూడా చూశారు. వారం తరువాత నాలుగు కిలోమీటర్ల దూరంలో పాప బట్టలు దొరికాయి. పాప దొరకలేదు. బట్టల మీద తను వేసిన చిన్న తెల్లటి కోటు మాత్రం లేదని లిండీ మొదట్నుంచీ చెబుతూ వచ్చింది.

ఇహ పుకార్లు మొదలు. అజారియా అంటే "అడవిలో బలి" అని అర్థమట (అలాంటి అర్థమేమీ లేదు). పాపకి నల్ల గౌను వేసేదట. టీవీలో మాట్లాడుతూ ఏడవలేదు చూశారా, అన్నారు. పరాయి మతశాఖ, పెద్దగా ఎవరికీ తెలియనిది. ఇంకేం కావాలి? కన్నీళ్ళు కారితే నటన, కారకపోతే రాతిగుండె. ఈ లెక్కలో ఏ తల్లి గట్టెక్కుతుంది చెప్పండి?

అక్కడ అనుమానాస్పద మరణాల్ని విచారించే అధికారి ఉంటాడు, కరోనర్ అంటారు. మొదటి విచారణ చేసిన డెనిస్ బారిట్ 1981 ఫిబ్రవరిలో తన నిర్ణయాన్ని టీవీలో ప్రత్యక్ష ప్రసారంలో చదివి వినిపించాడు. పాపని డింగోనే తీసుకెళ్ళింది, తల్లిదండ్రుల తప్పేమీ లేదు, ఆ తరువాత ఎవరో బట్టలతో జోక్యం చేసుకుని ఉండవచ్చు అన్నాడు. పోలీసుల పనితీరుని గట్టిగా తప్పుపట్టాడు. పుకార్లకి అడ్డుకట్ట పడాలనే ప్రసారం చేయించాడు.

కేసు మూసేసినట్టే. కానీ మూసేసిన టికెట్‌ని తిరిగి తెరవడం ఎలాగో మనకి తెలియంది కాదు. పాప జంప్‌సూట్‌ని లండన్‌లోని ప్రసిద్ధ ఫోరెన్సిక్ నిపుణుడు జేమ్స్ కామెరాన్‌కి పంపారు. బట్ట చిరిగిన తీరు కుక్క పళ్ళది కాదు, కత్తెర లాంటిదానిది అన్నాడాయన. అతినీలలోహిత కాంతిలో చూస్తే నెత్తుటి చేతి ముద్ర కూడా కనిపిస్తోంది అన్నాడు. పోలీసులు ఛాంబర్లిన్ల కారు తీసుకెళ్ళి విప్పి పరీక్షించారు. లోపల రక్తం, అదీ పసిపిల్లల రక్తం దొరికిందని లాబ్ చెప్పింది. మొదటి కరోనర్ నిర్ణయాన్ని కోర్టు కొట్టేసింది. 1981 డిసెంబరులో రెండో విచారణ మొదలైంది, జెరీ గాల్విన్ అనే వేరే కరోనర్ ముందు.

నాకు ఈ కథలో అన్నిటికంటే గుచ్చుకునేది ఇదే ఘట్టం. కరోనర్ విచారణ అనేది పేరుకి కోర్టు విచారణ కాదు. అక్కడ ముద్దాయి అంటూ ఎవరూ ఉండరు, అందరూ సాక్షులే. కానీ విచారణ చివర్లో "ఈమె మీద కేసుంది, కోర్టులో సమాధానం చెప్పాలి" అని పంపే అధికారం అప్పట్లో ఆ కరోనర్‌కి ఉండేది. అలాంటి చోట ఛాంబర్లిన్ దంపతుల్నే ముందుగా సాక్షులుగా పిలిచారు. కొత్త ఫోరెన్సిక్ సాక్ష్యం ఏమిటో వాళ్ళు వినకముందే వాళ్ళని ప్రశ్నలడిగారు. అంటే ఆమె ముద్దాయి కాదు కనక ముద్దాయికుండే రక్షణలు పూర్తిగా లేవు. కానీ అడిగే ప్రశ్నలు మాత్రం ముద్దాయినడిగేవే. మా మీటింగు రూము గుర్తొచ్చింది నాకు. అక్కడా నా లాప్‌టాప్‌లో లాగ్ తెరిచి ఉంది. అతనికి చూపించలేదు.

1982 ఫిబ్రవరిలో గాల్విన్ నిర్ణయం చెప్పాడు. లిండీ హత్యకి, మైకేల్ దాన్ని దాచినందుకు విచారణ ఎదుర్కోవాలి.

ఆయన్ని తిట్టడం తేలిక. కానీ ఆయన స్థానంలో కూర్చుని చూడండి. లండన్ నిపుణుడు కత్తెర అంటున్నాడు. లాబ్ పసిబిడ్డ రక్తం అంటోంది. "నిజమనే అనుకుందాం" అన్న సూత్రం ప్రకారం చూస్తే కేసు ఉన్నట్టే కదా! సాక్ష్యం గట్టిదా, బోలుదా అని తేల్చడం తన పని కాదు, జ్యూరీ చూసుకుంటుంది.

జ్యూరీ చూసుకుందా? 1982 సెప్టెంబరులో డార్విన్‌లో విచారణ మొదలైంది. ప్రాసిక్యూషన్ చేతిలో శవం లేదు, ఆయుధం లేదు, ఫలానా కారణంతో చంపిందని చెప్పడానికీ ఏమీ లేదు. వాళ్ళ కథనం ఇది: లిండీ ఆ ఐదు, పది నిమిషాల్లో పాపని కారు ముందు సీట్లోకి తీసుకెళ్ళి, గొంతు కోసి, శవం దాచి, నెత్తురు కడుక్కుని, పెద్దకొడుకు ఆకలంటే ఒక చిక్కుడుగింజల డబ్బా పట్టుకుని, ఏమీ జరగనట్టు వంట దగ్గరికి తిరిగొచ్చి కబుర్లలో పడింది. పక్కనున్నవాళ్ళెవరికీ ఆమె ఒంటి మీద రక్తం కనబడలేదు. అయినా లాబ్ చెప్పింది కదా! నిపుణులకీ నిపుణులకీ మధ్య జరిగిన ఆ వాదనలో జ్యూరీలోని మామూలు మనుషులకి ఎంత అర్థమై ఉంటుంది? లిండీ బోను ఎక్కి సాక్ష్యం చెప్పింది. చట్టప్రకారం చెప్పక్కర్లేదు. చెప్పకపోతే భయపడిందంటారు. చెప్పింది కాబట్టి, ముక్కుసూటిగా, కాస్త విసుగ్గా చెప్పింది కాబట్టి, గర్విష్ఠి అన్నారు.

1982 అక్టోబరు 29న దోషి అన్నారు. యావజ్జీవ ఖైదు. అప్పటికామె నిండు గర్భిణి. మైకేల్‌కి శిక్ష వేసి, అమలు చెయ్యకుండా వదిలారు. అప్పీళ్ళు పోయాయి. 1984 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు, అంటే వాళ్ళకి అదే అత్యున్నత న్యాయస్థానం, ముగ్గురు జడ్జిలు ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపు నిలిచి శిక్షని ఖాయం చేసింది. ఐదుగురిలో ఇద్దరికి ఆ సాక్ష్యం చాలదనిపించింది. అయినా లిండీ జైల్లోనే ఉంది.

1986 ఫిబ్రవరిలో ఉలురు మీంచి జారిపడి చనిపోయిన ఒక పర్యాటకుడి కోసం వెతుకుతుంటే, డింగోలు తిరిగే చోట, మట్టిలో సగం కూరుకుని ఒక చిన్న కోటు కనిపించింది. పాప కోటు. లేదు, అబద్ధం, కట్టుకథ అని ప్రాసిక్యూషన్ కొట్టిపారేసిన కోటు. లోపలి బట్టల మీద కుక్క చొంగ లేదేం అని అడిగిన ప్రశ్నకి సమాధానం కూడా ఆ కోటే. కొద్ది రోజుల్లో లిండీని వదిలేశారు. అప్పటికి దాదాపు మూడేళ్ళు జైల్లో ఉంది.

తరువాత జడ్జి ట్రెవర్ మార్లింగ్ నాయకత్వంలో రాయల్ కమిషన్ వేశారు. ఆయన చేసింది మన భాషలో చెప్పాలంటే నిజమైన రూట్ కాజ్ అనాలిసిస్. చదువుతుంటే మనబోటివాళ్ళకి చెమటలు పట్టే సంగతులివి. కారు డాష్‌బోర్డు కింద నెత్తురు చిమ్మినట్టున్న మరకలు ఏమిటంటే, ఫ్యాక్టరీలో చప్పుడు తగ్గడానికి కొట్టే తారులాంటి పదార్థం. అదే మోడల్ వేరే కార్లలోనూ అదే చోట అలాంటి మరకలే ఉన్నాయి. ఇంకో కారు తెరిచి చూడాలన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ రాకపోవడమే విచిత్రం. రక్తం ఉందో లేదో తేల్చే మొదటి పరీక్ష రాగి ధూళికి కూడా రంగు మారుతుంది. ఛాంబర్లిన్లు ఉండేది రాగి గనుల ఊళ్ళో! పసిపిల్లల రక్తం అని చెప్పిన పరీక్ష నమ్మదగ్గది కాదని తేలింది. పోనీ మళ్ళీ చూద్దామంటే, ఆ పరీక్ష పలకల్ని లాబ్ తన మామూలు పద్ధతి ప్రకారం పారేసింది. లాగ్ చెరిపేసి, సారాంశం మాత్రం రిపోర్టులో మిగిల్చారన్నమాట. చేతి ముద్ర అన్నదాంట్లో చాలా భాగం ఎర్రమట్టి. పైగా ఆ ప్రాంతపు రేంజరు, డింగోలు మరీ తెగిస్తున్నాయి, ప్రమాదం అని ఈ ఘటనకి ముందే పైవాళ్ళకి రాసి ఉన్నాడు.

1987లో మార్లింగ్ తేల్చిన మాటే ఈ టపాకి గుండెకాయ. తన ముందుకొచ్చిన సాక్ష్యం గనక 1982 విచారణలో ఉండి ఉంటే, ఆ జడ్జి కేసుని నిర్ణయం కోసం జ్యూరీకి వదిలే వీలే ఉండేది కాదు, నిర్దోషులని తేల్చమని జ్యూరీని ఆదేశించాల్సి వచ్చేది అన్నాడు. అర్థమైంది కదా? "ఆమె సమాధానం సరిపోయింది" అని కాదు ఆయన అన్నది. అసలు ఆమె సమాధానం చెప్పాల్సిన కేసే లేదు అని.

1988 సెప్టెంబరులో శిక్షలు కొట్టేశారు. 1992లో పదమూడు లక్షల డాలర్ల పరిహారం ఇచ్చారు. 1995లో మూడో కరోనర్ విచారణ ఎటూ తేల్చకుండా వదిలేసింది. 2012 జూన్ 12న నాలుగో విచారణలో కరోనర్ ఎలిజబెత్ మారిస్ పాపని డింగోనే తీసుకెళ్ళిందని తేల్చి, తల్లిదండ్రులకి సానుభూతి తెలిపింది. మొదటాయన 1981లో చెప్పిన అసలు సంగతి దగ్గరికే ముప్పై ఒక్క ఏళ్ళు తిరిగి చేరుకున్నారు. మైకేల్ 2017లో చనిపోయాడు. ఈ కథ మీద 1988లో సినిమా కూడా వచ్చింది, మెరిల్ స్ట్రీప్ లిండీగా వేసింది. దొరికితే చూడండి.

ఇంతకీ ఎక్కడ చెడింది? నాకనిపించేది చెబుతాను. దీంట్లో ఎవరూ దుర్మార్గులు కారు. కరోనర్ జ్యూరీ చూస్తుందనుకున్నాడు. జ్యూరీ, కరోనర్ చూశాకే కదా ఇక్కడిదాకా వచ్చింది అనుకుని ఉంటుంది. అప్పీలు కోర్టు జ్యూరీ నమ్మింది కదా, మనం కాదనడానికి లేదు అనుకుంది. కోడ్ రాసినవాడు రివ్యూలో దొరుకుతుందనుకుంటాడు, రివ్యూ చేసినవాడు టెస్టింగులో దొరుకుతుందనుకుంటాడు, టెస్టింగువాడు రివ్యూ అయింది కదా అనుకుంటాడు. అందరూ సంతకాలు పెడతారు, బగ్ నేరుగా కస్టమర్ దగ్గరికి చేరుతుంది. అన్ని తనిఖీలు దాటింది కాబట్టి ఆ బగ్ మీద నమ్మకం కూడా పెరుగుతుంది! అక్కడ కస్టమర్ ఒక తల్లి, అంతే తేడా.

మన దేశం సంగతేమిటి? పాత 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో హత్య కేసు సెషన్స్ కోర్టుకి పోయేముందు మేజిస్ట్రేటు దగ్గర ఒక విచారణ జరిగేది. 1973 కోడ్‌లో దాన్ని తీసేశారు. ఆలస్యం అవుతోందన్నారు, నిజమే కూడా. ఇప్పుడు సెషన్స్ జడ్జే కాగితాలు చూసి, తగినంత ఆధారం లేకపోతే ముద్దాయిని డిశ్చార్జి చేస్తారు, ఉంటే అభియోగాలు నమోదు చేస్తారు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఇదే పద్ధతి, కాకపోతే డిశ్చార్జి పిటిషన్‌కి అరవై రోజుల గడువు పెట్టారు.

ఆ గుమ్మం ఎంత ఎత్తు? 1977లో బిహార్ వర్సెస్ రమేశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఆ దశలో బలమైన అనుమానం ఉంటే చాలంది. 1978లో ప్రఫుల్ల కుమార్ సామల్ కేసులో కొంచెం సర్దింది. జడ్జి పోస్టాఫీసులా వచ్చిన కవరు వచ్చినట్టు పైకి పంపకూడదు, సాక్ష్యాన్ని ఆ మేరకు జల్లెడ పట్టవచ్చు, కానీ అక్కడే పూర్తి విచారణ పెట్టకూడదు అంది. తరువాత 2004లో ఇంకో తీర్పు, ఆ దశలో ముద్దాయి తన తరఫు కాగితాలు చూపించడానికి వీల్లేదని స్పష్టం చేసింది. అంటే మన గుమ్మం దగ్గర కూడా ప్రాసిక్యూషన్ ఫైలు ఒక్కటే ఉంటుంది, దాన్ని నిజమనే అనుకోవాలి. లిండీ కారు లాంటిది ఆ ఫైల్లో ఉంటే మన జడ్జి కూడా ముందుకే పంపుతారు. ఇక్కడ ముందుకి అంటే ఎన్నేళ్ళో మీకు చెప్పక్కర్లేదు.

రెండోవైపు కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పవుతుంది. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళు డిశ్చార్జి పిటిషన్, దాని మీద రివిజన్, దాని మీద ఇంకోటి అంటూ కేసుల్ని ఏళ్ళ తరబడి గుమ్మం దగ్గరే నిలబెట్టేస్తారు. గుమ్మం ఎత్తు పెంచితే ముందు లాభపడేది వాళ్ళే. నాలుగు గోడల మధ్య కోడలు చచ్చిపోతే, ఏం జరిగిందో ఇంట్లోవాళ్ళు చెప్పకపోతే ఎవరు చెబుతారు? అలాంటి చోట వాళ్ళకే తెలిసిన సంగతి వాళ్ళే వివరించాలని మన చట్టం కూడా అంటుంది. కానీ అక్కడ కూడా ప్రాసిక్యూషన్ తన వంతు నిలబెట్టాకే ఆ ప్రశ్న వస్తుందని సుప్రీంకోర్టు 1956 నుంచీ చెబుతూనే ఉంది. వరస ముఖ్యం. ముందు నువ్వు చూపించు, తరువాత నేను చెబుతాను.

అందుకని గుమ్మం ఎత్తు పెంచాలని నేననను. గుమ్మం దగ్గర రెండు ప్రశ్నలు మాత్రం కచ్చితంగా అడగాలంటాను. కేసంతా ఒక్క లాబ్ రిపోర్టు మీద నిలబడి ఉంటే, ఆ పరీక్ష మూలపదార్థం భద్రంగా ఉందా, ఇంకొకరు మళ్ళీ చేసి చూడగలరా? లేకపోతే అది సాక్ష్యం కాదు, మాట మాత్రమే. రెండోది: ఎవరినైతే సమాధానం చెప్పమంటున్నామో, వాళ్ళకి మన దగ్గరున్నదంతా చూపించామా? ఈ రెంటికీ కొత్త చట్టాలక్కర్లేదు. "మాకు తెలియదు" అనగలిగే పాత పన్నెండు మంది నిజాయితీ ఉంటే చాలు.

మొన్న క్యాంటీన్లో ఇవన్నీ చెప్పలేదు నేను. చెబితే పెరుగన్నం చల్లారిపోయేది. "తప్పు చెయ్యకపోతే చెప్పడానికేం భయం?" అన్నప్పుడు తల ఊపి ఊరుకున్నాను. ఈసారి ఆ మాట వస్తే మాత్రం ఒక్కటి అడుగుతాను: "ముందు మనం చూపించాల్సింది చూపించామా?" అని.

ఆ కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. అతను అప్పుడు నోరు విప్పనందుకు నేనతన్ని తప్పు పట్టాను. నిజానికి అప్పుడతను చెప్పాల్సింది ఏమీ లేదు. చెప్పాల్సింది నేను.